కత్తెర పడని గుడ్డ

మా అత్తగారు పోయిన నెలలో ఒక గురువారం పొద్దున కన్నుమూశారు. ఆ కబురు నాకు మా చిన్నమ్మాయి తెచ్చింది.

నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లులో చిట్టా రాస్తాను. ఆ పూట పది గంటలప్పుడు తూకాల పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంటే, ఏడేళ్ళ పిల్ల పత్తి బోరాల మధ్య నుంచి నడిచి వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. మా పిల్లలు మిల్లుకు వచ్చారంటే వాళ్ళ అమ్మమ్మ మాట ఏదో మోసుకొచ్చారని అర్థం. "అమ్మమ్మ చెప్పమంది" అని మొదలుపెట్టి, దారపు ఉండ అయిపోయిందనో, వచ్చేటప్పుడు చింతపండు తెమ్మన్నదనో చెప్పి పోతారు. అందుకని నేను తల ఎత్తకుండానే, "ఏం చెప్పమంది?" అన్నాను.

"ఏం చెప్పట్లేదు నాయనా," అంది. "ఎంత పిలిచినా ఏం చెప్పట్లేదు."

కలం పక్కన పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. బోరాల మీద అచ్చు వేసిన అక్షరాలు చూసి, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. పొడుగ్గా రాసే అలవాటు లేదు. అయినా ఆవిడ గురించి చదివేవాళ్ళకు చెప్పాలని ఉంది. ఆవిడ ఉండగా నేను ఆవిడతో ఏమీ చెప్పలేదు, అందుకని.

మేమిద్దరం పదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. పదేళ్ళలో ఆవిడ నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కోపమేమీ కాదు. ఆవిడది బెల్లంకొండ దగ్గర పల్లె. అల్లుడి ఎదుట నిలబడి అత్త మాట్లాడడం వాళ్ళ ఇళ్ళలో లేదు. నేను వసారాలోకి వస్తే ఆవిడ తలుపు చాటుకు వెళ్ళేవారు. చెప్పవలసినది పిల్లలతో చెప్పించేవారు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని అన్నం తింటున్నా అంతే.

"ఏమే పెద్దదానా, మీ నాయన్ని ఇంకాస్త పులుసు పోసుకోమని చెప్పు."

"అమ్మమ్మ పులుసు పోసుకోమంటంది నాయనా."

"చాలని చెప్పు."

"చాలంట అమ్మమ్మా."

"ఏం చాలు. పొద్దున పోతే మాపటికి గదా వచ్చేది. నువ్వు పొయ్యవే, ఊరికే అడుగుతా నిలబడతావేంది."

మా పెద్దమ్మాయి గరిటె పట్టుకుని అటు తలుపు వంకా ఇటు నా వంకా చూసి, "మీ ఇద్దరికీ చెవులు బానే ఉన్నాయి గదా, మధ్యలో నేనెందుకు?" అనేది. మా ఆవిడ చీర కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆవిడకు మా ఆవిడ ఒక్కతే సంతానం. భర్త చాలా ఏళ్ళ కిందటే పోయాడు. మా నడిపి అమ్మాయి పుట్టినప్పుడు, చంటిదానికి మెడ నిలబడేదాకా ఉండి పోతానని వచ్చారు. తరువాత ఆ పిల్లకు మెడ నిలిచింది, పాకింది, నడిచింది, పలక పట్టుకుని బడికి పోయింది. మా ఎదురింటి ఆమెను పిల్లలు పెద్దమ్మ అని పిలుస్తారు. ఆమె నోటికి అడ్డు లేదు. నడిపిది గుమ్మం ముందు తాడాట ఆడుతుంటే చూసి, "ఏమమ్మా, ఈ పిల్లకింకా మెడ నిలవలేదా?" అని మా అత్తగారిని అడిగేది. "ఇంకా కొంచెం ఊగతంది," అనేవారు ఆవిడ, సూది మీద నుంచి చూపు తియ్యకుండా.

ఆవిడ చేతిలో సూది లేకుండా నేను చూసిన గుర్తు లేదు. పొద్దున నేను మిల్లుకు బయలుదేరే వేళకు వసారాలో ఒక వరస ఉండేది. మా ఆవిడ పెద్దదానికి జడ వేస్తుంది. పెద్దది నడిపిదానికి వేస్తుంది. నడిపిది చిన్నదానికి వేస్తుంది. చిన్నది తన గుడ్డ బొమ్మకు వేస్తుంది. ఆ బొమ్మ అత్తగారు కుట్టిందే. లోపల బూరుగు దూది, కళ్ళకు నా పాత చొక్కా గుండీలు, జుట్టుకు నల్ల ఊలు. వరస చివర, తలుపుకు అవతల, చేతులు మాత్రం కనపడేలా గోడకానుకుని ఆవిడ కూర్చుని, ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కుడుతుండేవారు. పక్కింట్లో పుట్టిన బిడ్డకు మూడు రేకుల కుల్లాయి, పంతులమ్మగారికి చేతిసంచి, మా పిల్లలకు పలక సంచులు, పొట్టలో గింజలు పోసి ఊపితే గలగలమనే చిలక. కొన్న గుడ్డ తక్కువ. చిరిగిన చీరల్లో చిరగని భాగం, దుప్పటి అంచు, దర్జీ దుకాణం ముందు ఊడ్చి పారేసే పీలికలు. వాటిని కడిగి ఆరవేసి, రంగు వారీగా ఉండలు చుట్టి, ఒక తట్టలో పెట్టుకునేవారు. ఆ తట్ట చూస్తే ఏమీ ఉండదు. అందులోంచి చిలక వచ్చేది. పత్తి మిల్లులో రోజూ బండ్ల కొద్దీ పత్తి చూసేవాణ్ణి నేను. ఆ తట్ట ముందు మాత్రం ప్రతిసారీ ఆశ్చర్యపడేవాణ్ణి.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఎవరికి ఏది కుట్టి ఇచ్చినా అందులో మా ముగ్గురు పిల్లల చెయ్యీ పడాలి. తలా నాలుగు కుట్లైనా వెయ్యాలి. "ఒక చెయ్యి కుడితే అది గుడ్డ. ఇంటిల్లిపాదీ కుడితేనే ఇవ్వటానికి బాగుంటది," అనేవారు. పిల్ల వేసిన కుట్టు ఎంత వంకరగా ఉన్నా విప్పేవారు కాదు. నడిపిదానికి అయిదేళ్ళప్పుడు తన పలక సంచి మీద తానే కుడతానని పట్టుపట్టి, పెద్ద పెద్ద అంగలతో ఒక వరస వేసింది.

"ఇదేందే," అంది ఎదురింటి ఆమె. "కప్ప గెంతినట్టుంది."

పిల్ల మొహం ముడుచుకుంది. అత్తగారు ఆ సంచి అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "కప్పే," అన్నారు. "నువ్వు బానే కనిపెట్టావమ్మా." సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆ వంకర వరస చివర ఆకుపచ్చ దారంతో కప్ప కూర్చుని ఉంది. పిల్ల కుట్లన్నీ అది గెంతి వచ్చిన దారి అయ్యాయి. నడిపిది ఆ సంచి తగిలించుకుని వీధంతా తిరిగింది. మరుసటి వారం ఎదురింటి ఆమె తన మనవడికీ కప్ప సంచి కావాలని వచ్చింది. "పిల్లని అడుగు. గెంతులు వెయ్యాల్సింది అదే," అన్నారు అత్తగారు.

ఆవిడ కత్తెర వాడరని నాకు అయిదేళ్ళదాకా తెలియదు. దర్జీ ఇంట్లో తప్ప కత్తెర ఉండని రోజులవి. ఇంట్లో కత్తెర లేనందువల్ల వాడడం లేదనుకున్నాను. ఒకసారి గుంటూరు పని మీద వెళ్ళి, మంచి ఉక్కు కత్తెర ఒకటి కొని తెచ్చి, పెద్దదాని చేత లోపలికి పంపాను. కాసేపటికి తలుపు చాటు నుంచి వినిపించింది.

"చానా బాగుందని చెప్పవే మీ నాయనకి. మెరుస్తంది."

ఆ కత్తెర పాత గుడ్డలో చుట్టి ఆవిడ పెట్టెలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. ఆవిడ మాత్రం ఎప్పటిలాగే గుడ్డ అంచును పంటితో చిన్నగా గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి సర్రున చింపేవారు. చింపు దారం వెంట గీత గీసినట్టు పోయేది. చుట్టూ తిరగవలసిన చోట మడిచేవారు, కుచ్చు పెట్టేవారు, నాడా ఎక్కించేవారు. కోసేవారు కాదు. కత్తెర తెచ్చి నేనేదో తప్పు చేశానని అర్థమై, నడిపిదాని చేత అడిగించాను.

"మీ తాత మగ్గం నేశాడే," అన్నారు ఆవిడ, పిల్లకు చెబుతున్నట్టు. "గుంటలో కాళ్ళు పెట్టుకుని రోజంతా నేస్తే రెండు గజాలు. మధ్యలో ఒక్క పోగు తెగితే ముడేసి మళ్ళా మొదలు. అంత ఓపిగ్గా నేసినదాన్ని అడ్డదిడ్డంగా కొయ్యటానికి నాకు చెయ్యి రాదు. దారం వెంట చింపితే గుడ్డకి తెలవదు. మా ఇళ్ళలో కత్తెర పడేదాకా గుడ్డ కొత్తదే అంటారు. నాలుగేళ్ళు కట్టినా కొత్తదే."

"మాసినా కొత్తదేనా?" అంది నడిపిది.

"మాస్తే ఉతుకు."

ఆ మాట నేను కూడా విన్నాను. నవ్వుకుని మిల్లుకు పోయాను. దాన్ని గట్టిగా పట్టుకున్నది మా నడిపి పిల్ల.

చూపు తగ్గిన తరువాత సూదిలో దారం ఎక్కించడానికి పిల్లలే ఆవిడ కళ్ళు. ఒక రోజు ముగ్గురూ బడికి పోయారు, మా ఆవిడ బావికి వెళ్ళింది. నేను వసారాలో చెప్పులు తొడుక్కుంటున్నాను. తలుపు చాటు నుంచి ఒక చెయ్యి వచ్చి గడప మీద సూదీ దారమూ పెట్టింది. తరువాత ఆవిడ గొంతు గోడతో మాట్లాడింది. "ఓ గోడా, ఇందులో దారం ఎక్కించేవాళ్ళు ఎవురన్నా ఉంటే బాగుండు." నేను వంగి సూది తీసుకుని, దారం ఎక్కించి, మళ్ళీ గడప మీదే పెట్టాను. సూది చేతి నుంచి చేతికి ఇచ్చే అలవాటు మా వైపు ఎలాగూ లేదు. ఇస్తే పోట్లాటలు వస్తాయంటారు. చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. "ఈ గోడ మంచిది," అంది గొంతు.

మరునాటి పొద్దున గడప మీద ఒక చిన్న గుడ్డ వంకాయ కనిపించింది. లోపల దూది, పైన ఆకుపచ్చ తొడిమ. దానికి అయిదు సూదులు గుచ్చి ఉన్నాయి. పక్కన దారపు ఉండ. ఆ రోజు నుంచి మిల్లుకు వెళ్ళే ముందు అయిదు సూదుల్లో దారం ఎక్కించి వంకాయకు గుచ్చి గడప మీద పెట్టడం నా పని అయింది. ఆదివారం తప్ప ఏ రోజూ మానలేదు. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ అంతా అదే.

ఇక ఆ తెల్ల గుడ్డ సంగతి చెప్పాలి.

ఆవిడ మా ఇంటికి తెచ్చుకున్న రేకు పెట్టెలో అడుగున పద్నాలుగు మూరల తెల్ల గుడ్డ ఉండేది. ఊళ్ళో మరిది చేత ప్రత్యేకంగా నేయించుకున్నది. వేపాకు వేసి, ఏడాదికోసారి తీసి ఎండబెట్టి, మళ్ళీ మడత పెట్టేవారు. అది తన సమాధి గుడ్డ, పోయాక ఒంటికి చుట్టి పూడ్చడానికి. ఆవిడ లోకంలో తన కోసం కోరుకున్నది అదొక్కటే. ఎందుకో పిల్లలకు చెబుతుంటే విన్నాను.

"మీ తాత ఊరందరికీ నేశాడు. పెళ్ళిళ్ళకి నేశాడు, పురుళ్ళకి నేశాడు. ఆయన పోయిన ఏడాది నూలు లేదు, మగ్గం ఖాళీ. కప్పటానికి ఇంట్లో మూరెడు కొత్తగుడ్డ లేదు. నా పాత చీర కప్పాం. దానికి కూడా మాసికలే. నేను పోయినప్పుడన్నా కొత్త తెల్లగుడ్డతో పోయి ఆయనకి చూపియ్యాల."

తరువాత యుద్ధం వచ్చింది. గుడ్డకు కంట్రోలు వచ్చింది. చీటీ పట్టుకుని వరసలో నిలబడితే ముతక గుడ్డ కొద్దిగా దొరికేది, అదీ దొరికిన రోజున. ఆ క్రిస్మస్‌కు గుడిలో ఆడపిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని పాడాలని పంతులమ్మగారు అన్నారు. తెల్లగుడ్డ ఎవరింట్లోనూ లేదు. మా పెద్దదానికి అప్పుడు తొమ్మిదేళ్ళు, నడిపిదానికి ఆరు. చిన్నది మూడేళ్ళది, పాడదు గాని అక్కల పక్కన నిలబడనివ్వకపోతే ఊరుకోదు. "గౌను లేకపోతే నేను వెనకమాల నిలబడతాలే," అంది పెద్దది. పిల్ల ఏడ్చి ఉంటే నాకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

అత్తగారు లేచి వెళ్ళి పెట్టె తెరిచారు. ఆ గుడ్డ తెచ్చి వసారాలో పరిచారు. ఏం చేయబోతున్నారో ముందు మా ఆవిడకు అర్థమైంది.

"అది వద్దమ్మా. చావుగుడ్డ నా పిల్లల ఒంటి మీద వెయ్యను."

అప్పుడే వచ్చిన ఎదురింటి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "నీకేమన్నా మతి పోయిందా అమ్మా? సమాధికి దాచుకున్నది పసిపిల్లలకి తొడుగుతావా? వినటానికే ఒళ్ళు జలదరిస్తంది."

"గుడ్డకేం తెలుసు, అది ఎవురి కోసరమో," అన్నారు అత్తగారు. "నేసినప్పుడు అది ఊరికే గుడ్డే."

"రేపు నువ్వు పోతే? కంట్రోలు రోజులు. నీకు ఏం కప్పాల?"

"నేను పోయేలోగా పిల్లలు ఎదిగిపోతార్లే. అప్పుడు నాది నేను తీసుకుంటా."

ఎదురింటి ఆమె నవ్వాలో తిట్టాలో తెలియక కూర్చుండిపోయింది. మా ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేను చెప్పులు విడవకుండా వాకిట్లోనే నిలబడి ఉన్నాను. నన్ను చూసి తలుపు చాటుకు వెళ్ళిన అత్తగారు పెద్దదాన్ని పిలిచారు.

"మీ నాయన ఏమంటాడో అడుగు."

పెద్దది నా వంక చూసింది. నేను ఆ గుడ్డ వంక చూశాను. ఆవిడ మొగుడికి చూపిద్దామని దాచుకున్నది అక్కడ ఎండలో పరిచి ఉంది.

"కుట్టమను," అన్నాను. చెప్పులు విడుస్తూ, "ఇంకో గుడ్డ నేను తెచ్చిస్తానని కూడా చెప్పు," అన్నాను.

"తెచ్చిస్తాడంట అమ్మమ్మా."

"వినపడిందిలే," అన్నారు ఆవిడ. అది ఒక్కటే నా మాటకు నేరుగా వచ్చినట్టున్న జవాబు.

ఆ గౌన్లు కుట్టడం నేను తలుపు సందులోంచి మూడు రోజులు చూశాను. పంటితో రెండు గాట్లు, రెండు చింపులు, మూడు ముక్కలు. అంతే. ముక్కల పొడుగు వేరు గాని, గుడ్డ పన్నా, అంటే వెడల్పు, మూడింటికీ ఒకటే, రెండు మూరలు. ఆ రెండు మూరల పన్నానే భుజం నుంచి కిందికి నిలువుగా పెట్టారు. గుడ్డ పొడుగును ఒంటి చుట్టూ తిప్పి కుచ్చులు పోశారు. మెడ దగ్గర నాడా. మరి మూడేళ్ళ పిల్లకు రెండు మూరల ఎత్తు ఎందుకు? అక్కడ అడుగున మడతలు పెట్టారు. వేలెడు వేలెడు మడతలు, ఒకదాని మీద ఒకటి, సన్నని టాకాలతో. పెద్దదాని గౌనుకు రెండు మడతలు, నడిపిదానికి నాలుగు, చిన్నదానికి ఏడు. చూసేవాళ్ళకు అది అలంకారం. గుడిలో ఆ రోజు ఆడవాళ్ళంతా ఆ మడతలు పట్టుకుని చూసి, ఏ దర్జీ కుట్టాడని అడిగారు. ముగ్గురు పిల్లలూ ముందు వరసలో నిలబడ్డారు, అక్కలిద్దరూ పాడారు. చిన్నది పాట సగంలో తన ఏడు మడతలు వేలితో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నేను మగవాళ్ళ వైపు వెనక నిలబడి ఉన్నాను. రెండు చింపులతో, అయిదు సూదులతో అంత పని ఎలా అయిందా అన్న విస్మయం నాకు ఆ రోజు మొదలై ఇప్పటికీ పోలేదు.

ఏటా క్రిస్మస్ ముందు ఒక్కో మడత విప్పేవారు. పిల్లలు గోడకానుకుని నిలబడితే, టాకాలు ఊడదీసి, గౌను ఒక వేలెడు కిందికి దించేవారు. విప్పిన చోట సూది గుచ్చిన సన్నటి గీత ఉండిపోయేది. "ఇంకొంచెం ఎదిగారు. ఇంకొంచెం గుడ్డ బయటికొచ్చింది," అనేవారు. ఆ రెండో మాట ఎందుకో నేను ఆలోచించలేదు.

నా మాట నేను నిలబెట్టుకోలేదు. మొదట్లో దొరకలేదు. తరువాత గుడ్డ కాస్త దొరికిన రోజుల్లో అడిగిస్తే, "తొందరేముంది, కాలు చేతులు ఆడతానే ఉన్నాయి గదా," అని చెప్పి పంపారు. నేనూ సరే అనుకున్నాను. మాట ఇచ్చినవాడు అడిగించకూడదు, తేవాలి. అది ఇప్పుడు తెలుస్తోంది.

మూడు రోజులు జ్వరం. అంతే. గురువారం పొద్దున జావ తాగి, పిల్లల జడలు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నారట. నేను ఎప్పటిలాగే సూదులు ఎక్కించి గడప మీద పెట్టి పోయాను.

ఇంటికి వచ్చి చూశాక నాకు ఒకటే తోచింది. సాయంత్రంలోగా కొత్త తెల్లగుడ్డ. తాలూకా కచేరీకి వెళ్ళి గుడ్డకు చీటీ రాయించుకున్నాను. దుకాణంలో ఏడు గజాల తెల్ల మల్లు గుడ్డ కోయించుకుని, దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి రెండు గంటలైంది. నాలుగేళ్ళు ఆలస్యమైనా తెచ్చానని, ఎవరి చేత చెప్పించాలో తెలియక, వసారాలో ఒక్క నిమిషం ఆగిపోయాను.

లోపల ఎదురింటి ఆమె గొంతు వినిపిస్తోంది. "ఏం చేస్తన్నారే మీరు? ఏమే, ఇటు చూడండి."

ముగ్గురు పిల్లలూ చాప మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో మూడు గౌన్లు. గౌన్లు అనడానికి లేదు, సగానికి పైగా విప్పేశారు. నడిపిదాని చేతిలో నేను గుంటూరు నుంచి తెచ్చిన కత్తెర. దాని మొనతో టాకాలు ఒక్కొక్కటే తెంపుతోంది. గుడ్డకు తగలకుండా, దారానికి మాత్రమే. నాడాలు తీశారు, కుచ్చులు సాపు చేశారు. పెద్దది గడప మీది వంకాయ నుంచి సూది తీసుకుని, ఒక ముక్క అంచుకు ఇంకో ముక్క అంచు చేర్చి కుడుతోంది.

"మీ నాయన కొత్త మల్లు తెచ్చాడు గదే," అంది ఎదురింటి ఆమె, నా చంకలోది చూపిస్తూ. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "కొత్తగుడ్డ అని ఆమె ఎంత తపించిందో మీకేం తెలుసు? కట్టి విడిచినది కప్పి పంపుతారా?"

"ఇది కొత్తదే పెద్దమ్మా," అంది నడిపిది, తల ఎత్తకుండా. "కత్తెర పడలా."

పెద్దది సూది ఆపి చెప్పింది. మొన్న జ్వరంలోనే అమ్మమ్మ, "నా గుడ్డ ఎండలో వెయ్యండే," అన్నదట. ఏ గుడ్డ అంటే గౌన్లు చూపించిందట. ఎక్కడ విప్పాలో, ఏ అంచుకు ఏ అంచు చేర్చాలో వేలితో చూపించిందట.

"నాకు చెప్పమందా?" అన్నాను.

"చెప్పొద్దంది నాయనా. మీ నాయన మాట ఇచ్చాడు, ఆ రోజుకి ఎట్టన్నా తెస్తాడు, తెచ్చుకోనియ్యండి అంది. అది మీకు గౌన్లకి ఉంటది అంది."

పదేళ్ళలో పిల్లలు నాకు తేని మాట అదొక్కటే.

మా ఆవిడ, ఎదురింటి ఆమె, వచ్చిన నలుగురూ నా వంక చూశారు. నేను మల్లు మూట పక్కన పెట్టాను. "కుట్టండి," అన్నాను.

రెండు చింపులకు రెండు కుట్లు. ఒకటి పెద్దది వేసింది, ఒకటి నడిపిది వేసింది. అయిపోయిందనుకునేసరికి చిన్నది సూది పట్టుకుని నిలబడి ఉంది. "నా చెయ్యి పడలా," అంది. నిజమే. అక్కలు ఒక చివర చోటిచ్చారు. అది నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, పెద్ద పెద్ద అంగలతో ఆరో ఏడో కుట్లు వేసింది. వరస అటూ ఇటూ పోయింది. వచ్చినవాళ్ళలో ఒకామె, అది విప్పి సరిగ్గా వెయ్యమంది.

"విప్పమాకండి," అంది ఎదురింటి ఆమె. "ఆ కప్పని అట్టాగే గెంతనియ్యండి." అని అప్పుడు గట్టిగా ఏడ్చింది.

పరిచి చూస్తే గుడ్డ పొడుగూతా ఒక్కటిగా వచ్చింది. అలవాటు చొప్పున మూర పెట్టి కొలిచాను. ఉతుకులకు కుంచించుకుపోయింది ఒక బెత్తెడు, కుట్లలో పోయింది వేలెడు. తక్కినదంతా ఉంది. మూడు చోట్ల సూది గీతలు ఉన్నాయి. ఒక చోట రెండు, ఒక చోట నాలుగు, ఒక చోట ఏడు. నేను చాలాసేపు మోకాళ్ళ మీదే ఉండిపోయాను. ఆ గుడ్డ చింపిన రోజునే ఆవిడ దాన్ని తిరిగి కలిపే దారి మనసులో వేసుకున్నారు. మా పిల్లలు నాలుగేళ్ళు దాన్ని వేసుకుని పాడారు, ఆడారు, గుడి మెట్ల మీద జారారు. ఆవిడది ఆవిడకు వచ్చింది. సాయంత్రం సమాధుల దొడ్డిలో ఆ గుడ్డ చుట్టి దించారు. చిన్నదాని కుట్లు పైకి వచ్చేలా మా ఆవిడ సర్దింది. తాతకు చూపించడానికి కొత్తగుడ్డ ఉంది.

మల్లు మూట నెల రోజులు రేకు పెట్టె మీదే ఉంది. ఎవరమూ ముట్టుకోలేదు. కత్తెర మళ్ళీ దాని గుడ్డలోకి పోయింది.

నిన్న పొద్దున నేను వసారాలో చెప్పులు తొడుక్కుంటుంటే లోపల నుంచి సర్రుమని చప్పుడు వినిపించింది. దారం వెంట గుడ్డ చిరిగే చప్పుడు. కాసేపాగి ఇంకోటి. తరువాత చిన్నది బయటికి వచ్చి నా పక్కన నిలబడింది.

"అక్క చెప్పమంది," అంది. "సూదుల్లో దారం లేదంట."

గడప మీద గుడ్డ వంకాయ ఉంది. అయిదు సూదులూ తీసి, ఒక్కొక్కదానికి దారం ఎక్కించి గుచ్చి, మళ్ళీ గడప మీదే పెట్టాను. తలుపు చాటు నుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. నేను తల తిప్పి చూడలేదు.